పబ్లిక్ స్విమ్మింగ్ పూల్: రక్షణ సామగ్రి, హెచ్చరిక బోర్డులు ఎలా పెట్టాలి?

"పూల్ రెడీ అయింది, సేఫ్టీకి ఏమేం కొనాలో లిస్టు పంపండి." అపార్ట్‌మెంట్ సంఘాలు, హోటళ్లు, బడులు, క్లబ్బులు, ఎవరు అడిగినా ఇదే ప్రశ్న. లిస్టు ఇవ్వడం పెద్ద పని కాదు, కింద ఇచ్చాను. ఆరు నెలల తర్వాత వెళ్లి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఒక పూల్‌లో లైఫ్‌బాయ్ రింగుని, అంటే మునిగేవాళ్లు పట్టుకుని తేలే చక్రాన్ని, అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశారు. పిల్లలు తీసుకుని ఆడుకుంటున్నారట. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే మేనేజర్ దగ్గర అన్నారు. మేనేజర్ ఎక్కడంటే, భోజనానికి వెళ్లాడు!

మునిగిపోతున్న మనిషి నీటి పైభాగాన పెనుగులాడేది సుమారు 20 నుంచి 60 సెకన్లు. ఆ సమయంలో అరవడు, చేతులు ఊపి పిలవడు. ఊపిరి పీల్చుకోవడానికే నోరు చాలదు. కాబట్టి వస్తువు ఉందా లేదా అని చూసుకుంటే సరిపోదు, ఎన్ని సెకన్లలో చేతికి వస్తుందో చూడాలి. కింద రాసిన ప్రతి పనినీ ఈ లెక్కతోనే చేయండి.

కొలతల్లో చాలావరకు అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2014లో మొదటిసారి ప్రచురించిన మోడల్ ఆక్వాటిక్ హెల్త్ కోడ్ (పూల్స్‌కి నమూనా నియమావళి)ని అనుసరించి ఇచ్చాను. మీకు లైసెన్సు ఇచ్చే శాఖ వేరే కొలత చెబితే దాన్నే పాటించండి.

కావలసినవి

- తాడు కట్టిన లైఫ్‌బాయ్ రింగు (సబ్బు కాదు, చాలామంది నవ్వుతారు కాబట్టి ముందే చెబుతున్నా)
- చివర పెద్ద కొక్కెం ఉన్న పొడవాటి కర్ర, అంటే నీళ్ల మీద వాడే దోటి
- డ్యూటీలో ఉన్న ప్రతి లైఫ్‌గార్డుకీ ఒక రెస్క్యూ ట్యూబ్ (మునిగేవాళ్లకు అందించే పొడవాటి తేలే దిమ్మ), ఒక విజిల్
- స్పైన్ బోర్డు (వెన్ను, మెడ కదలకుండా పడుకోబెట్టే పలక), దానికి పట్టీలు, తల కదలకుండా ఆపే దిమ్మలు
- ఫస్ట్ ఎయిడ్ పెట్టె, నోటితో ఊపిరి ఇచ్చేందుకు మాస్క్, ఏఈడీ యంత్రం (గుండె లయ తప్పితే కరెంటు షాక్‌తో సరిచేసేది), ఒక తువ్వాలు
- పూల్ గట్టు మీద నుంచే అందే ఫోన్
- తేలే బంతులు గుచ్చిన తాడు
- డ్రెయిన్ మూతలు, పంపు ఆపే ఎమర్జెన్సీ స్విచ్
- లోతు అంకెలు, బోర్డులు
- పరీక్షించడానికి: టేపు, సుద్దముక్క, స్టాప్‌వాచ్ ఉన్న ఫోన్, 15 సెంటీమీటర్ల వెడల్పున్న నల్ల బిళ్ల

1. ముందు పూల్ బొమ్మ గీయండి

ఏదీ కొనకముందే ఒక కాగితం మీద పూల్ ఆకారం గీసుకోండి. గట్టు పొడవునా రెండు మూడు మీటర్లకోసారి లోతు కొలిచి అంకె వేయండి. నేల ఎక్కడ ఒక్కసారిగా కిందికి వాలుతుందో అక్కడ అడ్డగీత గీయండి. ఈత రానివాళ్లకు అన్నిటికంటే ప్రమాదమైన చోటు అదే. నడుం లోతులో నడుస్తూ నడుస్తూ రెండడుగులు వేసేసరికి కాలికి నేల అందదు.

తర్వాత లైఫ్‌గార్డు కుర్చీ వేయాలనుకున్న చోట కూర్చోండి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఇంకోసారి. నీళ్లు అద్దంలా మెరిసి నేల కనిపించని భాగం ఎంత ఉందో గుర్తు పెట్టుకోండి. కుర్చీని అటు ఇటు జరపడం వల్లే చాలాసార్లు ఇది తీరిపోతుంది. స్తంభాలు, జారుడుబల్లలు, మెట్ల వెనక మూలలు కూడా బొమ్మలో చేర్చండి.

2. రింగు, కొక్కెం కర్ర

రింగు కొనేటప్పుడు ఓడల్లో వాడేది అంటగడతారు, చూసుకోండి. అంతర్జాతీయ సముద్ర నిబంధనల ప్రకారం ఓడ రింగు కనీసం 2.5 కిలోలు ఉండాలి. అది పూల్‌లో తలకు తగిలిందంటే మీరే కొత్త ప్రమాదం చేసినట్టు. పూల్‌కి తేలికపాటిది తీసుకోండి. తాడు కనీసం 6 మిల్లీమీటర్ల మందం, పొడవు పూల్ వెడల్పుకి ఒకటిన్నర రెట్లు లేదా 15 మీటర్లు ఉంటే పని జరుగుతుంది. తాడు నీళ్ల మీద తేలాలి. పాలీప్రొపిలీన్ తాడు తేలుతుంది, నైలాన్ తాడు మునుగుతుంది. అనుమానం ఉంటే ఒక ముక్క బక్కెట్‌లో వేసి చూడండి.

తాడు రెండో కొసను గోడకు కట్టకండి. ముడి వేసి వదిలేయండి, విసిరేవాళ్లు ఆ ముడిని కాలికింద తొక్కిపెడతారు. రింగుని మనిషి మీదికి విసరకూడదు. అతన్ని దాటించి వెనక్కి విసిరి, తాడు భుజం మీదుగా వచ్చేలా లాగాలి. ఇది చెబితే రాదు, సిబ్బంది చేత పదిసార్లు విసిరించాలి.

కొక్కెం కర్ర 3.7 నుంచి 4.9 మీటర్ల పొడవుండాలి, లేత రంగులో ఉండాలి, ఒకే ముక్కగా ఉండాలి. శుభ్రం చేసే బ్రష్ కర్ర ఉంది కదా అని దాన్నే గోడకు తగిలించి పని అయిందనుకుంటారు. అది లోపలికి, బయటికి జరిగే కర్ర. బరువు పడగానే రెండు ముక్కలై ఊడి వస్తుంది. అల్యూమినియం కంటే ఫైబర్‌గ్లాస్ మంచిది, పైన కరెంటు తీగ ఉన్నా, నీళ్లలో లీకేజీ ఉన్నా మీ చేతికి షాక్ రాదు. స్పృహ ఉన్నవాళ్లకు కర్ర అందించి పట్టుకోమనాలి. స్పృహ లేనివాళ్ల చంకల కింద నుంచి కొక్కెం వేసి మెల్లగా గట్టుకు లాగాలి. లాగేవాళ్లు నిలబడకూడదు. మోకాళ్ల మీదో, బోర్లాపడుకునో లాగాలి, లేకపోతే ఇద్దరూ నీళ్లలోనే.

రింగు ఇంకా చేతికి రాలేదా? మూత గట్టిగా బిగించిన 5 లీటర్ల ప్లాస్టిక్ క్యాన్‌లో కొంచెం నీళ్లు పోసి, పిడికి తేలే తాడు కట్టండి. ఆ కాసిన్ని నీళ్ల బరువు వల్ల విసిరినచోటికి వెళుతుంది. రెండు మూడు రోజుల సర్దుబాటు మాత్రమే ఇది.

ఎక్కడ తగిలించాలి? గోడకు, కుర్రాడికైనా అందే ఎత్తులో, మేకుకో కొక్కేనికో. తాళం వద్దు, జిప్ టై వద్దు, వర్షానికి తడుస్తుందని ప్లాస్టిక్ సంచి తొడగడం వద్దు. పిల్లలు ఆడుకుంటారన్న భయం నిజమే, దానికి మందు లైఫ్‌గార్డు విజిలే.

3. నీటి అడుగున డ్రెయిన్

దీని గురించి నన్ను అడిగినవాళ్లు దాదాపు లేరు. అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

పూల్ అడుగున ఉన్న డ్రెయిన్‌లోంచి పంపు నీళ్లు లాగుతుంది. మూత విరిగినా, ఊడినా ఆ రంధ్రానికి ఒంటిని ఆనించిన పిల్లాడిని పెద్దవాళ్లు కూడా లాగలేనంత బలంగా పట్టేస్తుంది. జుట్టు చిక్కుకున్నా అంతే. 2002లో అమెరికాలో గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల పాప వేడినీళ్ల తొట్టి డ్రెయిన్‌కి అతుక్కుపోయి చనిపోయింది. ఆ పాప పేరుతోనే 2007లో అక్కడ చట్టం వచ్చింది. పబ్లిక్ పూల్స్ అన్నిటిలో చిక్కుకోనివ్వని డ్రెయిన్ మూతలు ఉండి తీరాలన్నది అందులో ముఖ్యాంశం.

మీరు చేయాల్సింది:

మూత చదునుగా కాక, కొంచెం ఉబ్బెత్తుగా ఉండాలి, ఒళ్లు ఆనించినా పక్కల నుంచి నీళ్లు వెళ్లాలి. దాని మీద నిమిషానికి ఎంత నీరు తట్టుకుంటుందో, ఎన్నేళ్లు వాడొచ్చో ముద్రించి ఉంటుంది. ఆ ప్రవాహం మీ పంపు లాగేదానికంటే ఎక్కువ ఉండాలి. బిగించిన తేదీని రిజిస్టర్‌లో రాయండి, ఆ గడువు దాటితే చూడ్డానికి బాగున్నా మార్చేయండి. మూతతో పాటు వచ్చిన స్క్రూలే వాడండి. ఒక్క పంపుకి ఒక్క డ్రెయినే ఉంటే ప్రమాదం ఎక్కువ. కనీసం 90 సెంటీమీటర్ల ఎడంలో రెండు ఉండాలి, ఒకటి మూసుకుపోయినా రెండోది లాగుతుంది. ఆ రెంటి మధ్య విడివిడిగా మూసే వాల్వు పెట్టకండి, పెడితే మళ్లీ ఒక్కటే మిగిలినట్టు.

పంపు ఆపే స్విచ్ మోటారు గదిలో ఉంటే చాలదు. గట్టు మీద నుంచి కనిపించేలా ఎర్ర బటన్ పెట్టించి, పైన "పంపు ఆపే బటన్" అని రాయండి.

హెచ్చరిక: ఎవరైనా డ్రెయిన్‌కి అతుక్కుంటే ముందు పంపు ఆపండి. నిటారుగా పైకి లాగకండి. ఒంటికీ మూతకీ మధ్య వేళ్లు దూర్చి పట్టు వదిలించి, పక్కకు దొర్లించండి. మూత లేదని, పగిలిందని కనిపించిన క్షణమే పూల్ ఖాళీ చేయించండి. సాయంత్రం బ్యాచ్ అయ్యాక చూద్దాంలే అనుకోకండి.

4. లోతు అంకెలు

రెండు చోట్ల వేయాలి. ఒకటి నీళ్లలో ఉన్నవాళ్లకు కనిపించేలా పూల్ లోపలి గోడ పైఅంచున. రెండోది గట్టు మీద, అంచు నుంచి 45 సెంటీమీటర్ల లోపు, నీళ్లవైపు చూస్తూ నిలబడినవాళ్లు చదివేలా. గట్టు మీద అంకెలు తలకిందులుగా వేసిన పూల్స్ ఎన్నో చూశాను, నీళ్లలోంచి చూస్తేనే సరిగ్గా కనిపిస్తాయి. అంకె ఎత్తు కనీసం 10 సెంటీమీటర్లు, నేల రంగుకు పూర్తిగా వేరైన రంగు, ఒక్కో అంకెకూ మధ్య ఏడున్నర మీటర్లకు మించని దూరం. లోతు మారిన చోట దగ్గర దగ్గరగా వేయండి. పెయింటయినా టైలయినా తడిసినప్పుడు జారకూడదు.

కొలమానం తప్పకుండా రాయండి. ఉత్త "1.5" అని ఉంటే కొందరు మీటర్లనుకుంటారు, కొందరు అడుగులనుకుంటారు. ఆ తేడా ఒక పిల్లాడి ఎత్తుంటుంది. "1.5 మీ." అని రాయండి, పక్కన "5 అడుగులు" అని కూడా ఉంటే ఇంకా మంచిది.

లోతు 1.5 మీటర్లు, అంతకంటే తక్కువ ఉన్న ప్రతిచోటా అంకె పక్కనే డైవింగ్ నిషేధం గుర్తు ఉండాలి. ఇక్కడ మన భాషతో ఒక చిక్కుంది. తల ముందు పెట్టి దూకినా దూకడమే, కాళ్ల మీద దూకినా దూకడమే. "దూకరాదు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే అందరూ కాళ్ల మీద దూకుతూనే ఉంటారు. మెడ విరిగేది తల నేలకు కొట్టుకున్నప్పుడు. అందుకే "తల ముందు పెట్టి దూకవద్దు" అని రాసి, తలకిందులుగా దూకుతున్న మనిషి బొమ్మ మీద ఎర్ర గీత ఉన్న గుర్తు పెట్టండి.

5. తేలే తాడు

మొదటి దశలో గీసిన అడ్డగీత గుర్తుందా? దానికి ఒక అడుగు ముందు, లోతు తక్కువున్న వైపున, బంతుల తాడు కట్టండి. వాలు మొదలయ్యాక కడితే ఏం లాభం? తాడు బిగుతుగా ఉండాలి, అలసినవాళ్లు పట్టుకుంటే మునిగిపోకూడదు. పోటీల కోసం తీసినవాళ్లు మళ్లీ కట్టకుండా వదిలేయడం మామూలే. తీసిన మనిషి పేరు రిజిస్టర్‌లో ఉంటే తిరిగి కడతారు.

6. కంచె, గేటు

కంచె కనీసం 1.2 మీటర్లు ఉండాలి, పబ్లిక్ పూల్‌కి 1.8 మీటర్లయితే మేలు. కమ్మీల మధ్య సందు 10 సెంటీమీటర్ల లోపు. గేటు పూల్ వైపు కాకుండా బయటికి తెరుచుకోవాలి, దానంతటదే మూసుకుని గడియ పడాలి. కంచె బయట 90 సెంటీమీటర్ల లోపు కుర్చీ, పూలకుండీ, ఏసీ యూనిట్ లాంటివి ఏవీ ఉంచకండి. పిల్లలకు అవే మెట్లు. గాలి రావాలని గేటుకి ఇటుక అడ్డం పెట్టిన రోజున మీ కంచె లేనట్టే లెక్క.

7. ఊపిరి, గుండె, వెన్ను

మునిగినవాళ్లకు ముందు కావలసింది గాలి. ఛాతీ నొక్కడం ఒక్కటే చాలదు, ఊపిరి కూడా ఇవ్వాలి. అందుకే మాస్క్ ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో అన్నిటికంటే పైన ఉండాలి, దూది కింద కాదు. ఇలా ఛాతీ నొక్కుతూ ఊపిరి ఇవ్వడమే సీపీఆర్, దాని లెక్క 30 నొక్కులకు 2 ఊపిరులు, నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగం. సిబ్బందికి శిక్షణ ఇప్పించకుండా ఏఈడీ కొనకండి అనను, ఆ యంత్రం తానే దారి చెబుతుంది. కానీ శిక్షణ ఉంటే చేతులు వణకవు. ఏఈడీ పక్కనే తువ్వాలు కట్టి ఉంచండి: మనిషిని నీటిమడుగులోంచి జరిపి, ఛాతీ తుడిచాకే ప్యాడ్లు అంటించాలి. యంత్రాన్ని ఎండలో గానీ కెమికల్ గదిలో గానీ పెట్టకండి.

స్పైన్ బోర్డు తల, మెడ దెబ్బలకు. ఊపిరి లేని మనిషిని పట్టీలతో బిగిస్తూ కూర్చోకండి, బయటికి తీసి ఊపిరి ఇవ్వడం ముందు.

ఫోన్ పక్కన బోర్డు మీద అంబులెన్స్ నంబర్, పూల్ పూర్తి చిరునామా, ఏ గేటు నుంచి రావాలో పెద్ద అక్షరాల్లో రాయండి. కంగారులో సొంత చిరునామా కూడా నోటికి రాదు.

8. బోర్డులు

రంగులు మీ ఇష్టం కాదు. భద్రతా గుర్తుల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 7010లో ఎర్ర వలయం, అడ్డగీత ఉంటే నిషేధం. పసుపు త్రికోణం హెచ్చరిక. నీలి గుండ్రం తప్పక చేయాల్సిన పని. ఆకుపచ్చ చతురస్రం ఫస్ట్ ఎయిడ్, ఏఈడీ, బయటికి దారి లాంటివి. పూల్ గోడలు నీలం కదా అని నిషేధం బోర్డుని కూడా నీలంలో చేయించకండి.

గేటు దగ్గర ఒక బోర్డు: వేళలు, ఒకేసారి ఎంతమంది దిగవచ్చు, పిల్లల వెంట పెద్దవాళ్లు ఉండాలన్న నియమం. లైఫ్‌గార్డు లేని వేళల్లో "లైఫ్‌గార్డు లేరు" అని పసుపు బోర్డు వేరేగా తగిలించండి, ఉన్నప్పుడు తీసేయండి. ఎప్పుడూ వేలాడే బోర్డుని ఎవరూ నమ్మరు.

స్నానాల గది దగ్గర: "విరేచనాలు అవుతుంటే నీళ్లలో దిగవద్దు." చెప్పడానికి మొహమాటపడతారు గానీ ఇది రాయాల్సిందే. క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి క్లోరిన్ సరిగ్గా ఉన్న నీళ్లలో కూడా వారానికి పైగా బతుకుతుంది.

లోతు వైపు: "నీటి అడుగున ఊపిరి బిగబట్టే పందేలు వద్దు." గబగబా ఊపిరి పీల్చి మునిగే మంచి ఈతగాళ్లు ఏ హెచ్చరికా లేకుండా స్పృహ తప్పుతారు. ఆరుబయట పూల్ అయితే ఉరుము వినగానే బయటికి రావాలని, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలని ఇంకొకటి.

అంతే. ఇరవై నియమాలు ఒకే ఫ్లెక్సీ మీద ముద్రిస్తే అది గోడకు రంగేసినట్టే. ఒక్కో బోర్డుకి ఒక్క మాట, దానికి సంబంధించిన చోటే. మర్యాద కోసం "దయచేసి సహకరించగలరు" లాంటివి తీసేసి అక్షరాలు పెద్దవి చేయండి.

9. కెమికల్ గది, కరెంటు

క్లోరిన్, యాసిడ్ పక్కపక్కన పెట్టకండి. కలిస్తే విషవాయువు పుడుతుంది. పొడి క్లోరిన్‌కి, బిళ్లల క్లోరిన్‌కి ఒకే గరిటె వాడకండి, ఆ రెండూ కలిసినా మంట లేస్తుంది. ఎప్పుడూ నీళ్లలో కెమికల్ పోయాలి, కెమికల్‌లో నీళ్లు పోయకూడదు. ఈ మూడు మాటలనూ తలుపు లోపలివైపు రాయండి, బయట "సిబ్బందికి మాత్రమే" అని రాయండి. కెమికల్ కంట్లో పడకుండా పెట్టుకునే కళ్లద్దాలు, చేతితొడుగులు మేకుకు వేలాడాలి, అలమారాలో కాదు.

కరెంటుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే కరెంటు దానంతటదే ఆపేసే స్విచ్) తప్పనిసరి. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి, ట్రిప్ కాకపోతే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా పూల్ మూసేయండి.

సరిగ్గా చేశారో లేదో ఇలా చూడండి

పరుగు పరీక్ష: ముందు చెప్పకుండా, నీళ్లలో ఒకచోట బంతి వేసి "ఇప్పుడు" అనండి. సిబ్బంది రింగు తీసి, విసిరి, బంతిని దాటించేసరికి 20 సెకన్ల లోపు కావాలి. పూల్ నాలుగు మూలల్లో చేయండి. ఏ మూలలోనైనా 20 సెకన్లు దాటితే రెండో రింగు కొనండి, మనిషిని తిట్టకండి.

కొత్తవాళ్ల పరీక్ష: పూల్ ఎప్పుడూ చూడని ఒకరిని పిలిచి, ఏమీ చెప్పకుండా మూడు ప్రశ్నలు అడగండి. ఇక్కడ లోతెంత? డైవింగ్ చేయొచ్చా? ఏఈడీ ఎక్కడుంది? తల తిప్పి చూసి చెప్పగలిగితే బోర్డులు పనిచేస్తున్నట్టు. మిమ్మల్ని అడిగితే, బోర్డు తప్పు చోట ఉంది. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లయితే అవి తీసేసి చదవమనండి, నీళ్లలోకి ఎవరూ కళ్లద్దాలతో దిగరు కదా.

గేటు పరీక్ష: పూర్తిగా తెరిచి వదలండి, సగం తెరిచి వదలండి, అరచేయంత తెరిచి వదలండి. మూడుసార్లూ గడియ పడాలి. చివరిదే తరచుగా తప్పుతుంది, స్ప్రింగ్ బిగిస్తే చాలు.

తాడు పరీక్ష: రింగు తాడుని చేతుల మధ్య మెలిపెట్టండి. తెల్లటి పొడి రాలితే ఎండకు పాడైంది, మార్చండి.

నీటి పరీక్ష: రోజూ తెరిచే ముందు, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) 7.2 నుంచి 7.8 మధ్య, క్లోరిన్ లీటరుకి కనీసం 1 మిల్లీగ్రాము ఉందో చూశాక, నల్ల బిళ్లను లోతైన చోట అడుగుకు వదలండి. గట్టు మీద నిలబడి చూడండి. బిళ్ల స్పష్టంగా కనిపించని నీళ్లలో మునిగిన మనిషీ కనిపించడు. ఆ పూటకి గేటు తెరవకండి.